తామరతూడు మొదలు వెదకిన నలువ

తెలుగు లోగిళ్ళలో ఏ శుభకార్యము తలపెట్టినను, అది పసిబిడ్డ అన్నప్రాశనమగుగాక, పెండ్లియగుగాక, ఏటేట చేసికొను సత్యనారాయణ వ్రతమగుగాక, పురోహితుడు మొదట గృహస్థుచేత ఆచమనమును, ప్రాణాయామమును చేయించి, అక్షతలు పట్టిన చేతిని కుడితొడపై నుంచుమని చెప్పి, సంకల్పము పలికించును. ఆ సంకల్పము బ్రహ్మదేవుని ఆయుర్దాయముతో మొదలగును. ఆయన నూరేండ్ల జీవితములో రెండవ సగము నడుచుచున్నదనియు, ఇది శ్వేతవరాహకల్పమనియు, ఈ కల్పమునందలి పదునాలుగు మన్వంతరములలో వైవస్వత మనువు కాలమనియు, అందు కలియుగ ప్రథమపాదమనియు చెప్పుకొనుచు వచ్చి, జంబూద్వీపమునుండి భరతఖండమునకును, అచ్చటినుండి శ్రీశైలమునకు ఏ దిక్కున నున్నామో, ఏ నదులనడుమ నున్నామో ఆ చోటికిని దిగి, సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము అన్నియు గడచి, తుదకు ఆ యింటి యజమాని గోత్రనామములకడ వచ్చి నిలుచును. సముద్రములు దాటి అమెరికాలో స్థిరపడిన తెలుగువారి యిండ్లలో జంబూద్వీపమునకు మారుగా క్రౌంచద్వీపమని చెప్పించు పురోహితులు గలరు. శ్రీశైలమును, కృష్ణా గోదావరులును అచ్చట గురుతులుగా చెల్లవు. స్థలమెంత మారినను, వాక్యము మొదట నిలిచిన బ్రహ్మదేవుని కాలమునకు మాత్రము మార్పులేదు.

ఇట్లు అనుదినము తలచుకొనబడు దేవునికి మన యూళ్ళలో గుడిలేదు. శివాలయము లేని యూరరుదు, రామమందిరము లేని పల్లె యరుదు; బ్రహ్మగుడి ఏదియని యడిగినచో పెద్దలు సైతము కొంత ఆలోచించి రాజస్థానమునందలి పుష్కరక్షేత్రమును చూపుదురు. 1163లో కాకతి రుద్రదేవుడు హనుమకొండయందు కట్టించిన వేయిస్తంభముల గుడి త్రికూటాలయము. మూడు గర్భగృహములున్నవన్నచో త్రిమూర్తులుందురని ఎవ్వరైనను ఊహింతురు. కాని అవి శివునికిని, విష్ణువునకును, సూర్యునికిని సమర్పింపబడినవి. బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులని ఒక్క ఊపిరిలో పలుకు మన నోటికిని, మన శిల్పులు తీర్చిన గర్భగృహములకును నడుమ ఇంత యెడమేల కలిగెనను ప్రశ్న, ఆ గుడి మంటపమున నిలిచి మూడువైపులు కలయజూచిన ప్రతివానికిని కలుగవలసినదే.

ఈ ప్రశ్నకు పురాణములు శాపకథలతో సమాధానము చెప్పినవి. శివుడు ఆద్యంతములు లేని తేజస్స్తంభమై నిలిచినపుడు విష్ణువు వరాహరూపమున క్రిందికిని, బ్రహ్మ హంసరూపమున పైకిని వెళ్ళిరనియు, శిఖరమును కానక మరలివచ్చుచు బ్రహ్మ మొగలిపూవును సాక్ష్యమునకు తెచ్చి చూచితినని బొంకెననియు, అందుచేత ఆయనకు పూజయు, మొగలికి శివసన్నిధియు లేకపోయినవనియు ఒక కథ. పుష్కరమున యజ్ఞముచేయ దీక్షవహించిన బ్రహ్మ, భార్య సావిత్రి వచ్చుట ఆలస్యమై ముహూర్తము మించిపోవుచుండగా గాయత్రిని పరిణయమాడి క్రతువు సాగించెననియు, ఆలస్యముగా వచ్చిన సావిత్రి కోపించి శపించెననియు పద్మపురాణ కథ. నేటికిని పుష్కరమున బ్రహ్మగుడి సరస్సుచెంత నుండగా, సావిత్రీదేవి దూరముగా కొండమీద వేరొక గుడిలో నున్నది. కార్తికపౌర్ణమి తీర్థమునకు వచ్చు జనులు సరస్సున స్నానముచేసి, అయ్యను దర్శించి, పిమ్మట అమ్మకొరకు కొండయెక్కుదురు.

ఈ కథలు అందమైనవే. కాని గుడి లేకపోవుటకు ఇవియే కారణములని నా కెన్నడును తోపలేదు. గుడి లేకపోవుటను చూచిన తరతరములవారు దానికి చెప్పుకొన్న సమాధానములివి. అసలు కారణము ఆ దేవుని స్వభావమునందే యున్నది. భారతీయుల ఊహ సృష్టికర్తను సర్వము తెలిసి సింహాసనమెక్కిన ప్రభువునుగా మలచలేదు. పుట్టుకగలవానిగా, తన మొదలు తాను వెదకికొనువానిగా, తపించి, తడబడి, చేసినది తీసివేసి మరల చేయువానిగా, అలసి నిద్రించువానిగా మలచినది. పూజలందుకొనుటకన్న పూజచేయుటయే ఆయనకు సహజమైనపుడు, ఆయనను గర్భగృహమున నిలుపుటకు మన పూర్వులకు చేతులు రాకపోవుటలో ఆశ్చర్యములేదు.

వేదమున ప్రజాపతి

ఈ స్వభావమునకు వేళ్ళు వేదమునందే కానవచ్చును. నాసదీయమని ప్రసిద్ధమైన ఋగ్వేద దశమమండలపు 129వ సూక్తము, ఈ సృష్టి యెచ్చటినుండి కలిగినదో పరమాకాశమునుండి దానిని చూచుచున్న అధ్యక్షునికైనను తెలియునో, తెలియదో అను సంశయముతోనే ముగియును. జగత్కర్తకే తన కార్యముయొక్క మొదలు తెలియకపోవచ్చునని అనగలుగుటకు ఋషికి ఎంత నిర్భయత్వముండవలెను! అదే మండలమున 121వ సూక్తము హిరణ్యగర్భుని స్తుతించుచు చివరి ఋక్కున ప్రజాపతిని పేర్కొనును. ఆ ప్రజాపతియే పురాణకాలమునకు చతుర్ముఖుడైనాడు.

బ్రాహ్మణగ్రంథములు ప్రజాపతిని మరింత చేరువనుండి చూచినవి. ప్రజలను సృజించిన పిమ్మట ఆయన డస్సిపోయెననియు, కీళ్ళు పట్టుతప్పి విడిపోయెననియు, దేవతలు అగ్నిచయనముచేత ఆయనను తిరిగి కూర్చిరనియు శతపథ బ్రాహ్మణము చెప్పును. రెక్కలుచాచిన పక్షియాకారమున ఐదు వరుసలుగా పేర్చెడి ఆ యజ్ఞచితికి 10,800 ఇటుకల లెక్క చెప్పబడినది. దినమునకు ముప్పది ముహూర్తములు, సంవత్సరమునకు మూడువందల యరువది దినములు. సంవత్సరమున నెన్ని ముహూర్తములో అన్ని ఇటుకలన్నమాట. సంవత్సరమే ప్రజాపతి గనుక, చెదరిన ఆయనను నిలువబెట్టుటయనగా కాలమును ఇటుకయిటుకగా కూర్చుటయే. సృష్టికర్త తన సృష్టిచేత తిరిగి కట్టబడవలసినవాడను ఈ భావన వంటిది మరియొకటి నే నెరుగను. కోనసీమ అగ్రహారములలో త్రేతాగ్నులను ఆరనీయక నిలిపికొన్న సోమయాజుల కుటుంబములు ఈ క్రతుసంప్రదాయమును మన కాలముదాక తెచ్చి యిచ్చినవి.

మరియొక విశేషము. తాబేలై ప్రజలను సృజించిన కార్యమును, వరాహమై నీటినుండి భూమిని పైకెత్తిన కార్యమును బ్రాహ్మణగ్రంథములలో ప్రజాపతివి. పురాణములకు వచ్చునప్పటికి అవి రెండును విష్ణ్వవతారములైనవి. రక్షకుని కీర్తి పెరిగినకొలది స్రష్ట తన కథలనుగూడ ఒక్కొక్కటిగా వదలుకొనుచు వచ్చెను. ఆయనకు తుదకు మిగిలినది పని యొక్కటే.

తకార పకారములు

భాగవతము తృతీయస్కంధమున బ్రహ్మ జన్మవృత్తాంతము గలదు. బమ్మెర పోతన తెనిగించిన స్కంధములలో నది యొకటి యగుటచేత, సంస్కృతమెరుగని తెలుగు గృహిణులకును ఆ కథ కంఠగతమైనది. ప్రళయజలముల మీద శేషతల్పమున నిద్రించు విష్ణువు నాభినుండి ఒక తామర వెడలెను. దానిలో ఒకడు పుట్టెను. తానెవ్వడో వానికి తెలియదు. తన్ను కన్నదెవ్వరో తెలియదు. చుట్టును నీరు, పైన ఆకాశము తప్ప మరేమియు లేదు. ఎవరైన గానవత్తురేమోయని నాలుగుదిక్కులకును కన్నులు త్రిప్పి చూడగా నాలుగు మొగములు కలిగెను. మత్స్యపురాణము ఆ మొగములకు శతరూపను చూడగోరిన మోహమును కారణముగా చెప్పినదిగాని, దిక్కుతోచని శిశువు దిక్కులు చూచుటచేత కలిగినవను భాగవతకథయే నాకు గాఢముగా హత్తుకొన్నది. మన దేవాలయ ప్రాకారములపై ఆ నాలుగు మొగములను చూచినప్పుడెల్ల, చతుర్వేదములకన్న ముందు ఆ ఒంటరి వెదకులాటయే జ్ఞప్తికి వచ్చును.

తన కాధారమైన తామరకు ఆధారమేదో యుండవలెనని తలచి, ఆయన ఆ తూడులోపలి సన్నని రంధ్రములవెంట నీటిలోనికి దిగెను. ఎంతకాలము దిగినను మొదలు దొరకలేదు. వెదకి వెదకి మరలి వచ్చి, తామరపై కూర్చుండి, ఊపిరి బిగబట్టి, చూపును లోనికి త్రిప్పెను. బయట నూరేండ్లు వెదకినను దొరకనిది హృదయమున గోచరించెను. ద్వితీయస్కంధము ఇదే ఘట్టమును వేరొక తీరున చెప్పును: సృష్టి ఎట్లు చేయవలెనో తెలియక చింతించుచుండగా నీటిలోనుండి రెండక్షరములు రెండుమార్లు వినవచ్చెను. కకారమునుండి లెక్కింపగా పదునారవది యొకటి, ఇరువదియొకటవది యొకటి. పలకపట్టి గుణింతములు దిద్దిన ప్రతి తెలుగుబిడ్డయు వ్రేళ్ళపై లెక్కపెట్టి చూడవచ్చును: త, ప. పలికినవాడు కానరాలేదు. విన్నవాడు ఆ యాజ్ఞను శిరసావహించి వేయి దివ్యసంవత్సరములు తపస్సుచేసెను.

ఇచ్చట ఒకింత ఆగి ఆలోచింపవలెను. లోకమును పుట్టించువానికి అవసరమైనది ఆజ్ఞాపించు వాక్కు అని తలచుట సులభము. భాగవతకారుడు మొదట ఆయనచేత ఆజ్ఞను వినిపించెను. కర్తకు ముందు శిష్యత్వము వచ్చెను. తపస్సు చేసినవాడు, అతడు రావణుడైనను, హిరణ్యకశిపుడైనను, ఎదుట నిలిచి వరమిచ్చుట తప్ప బ్రహ్మకు గత్యంతరము లేకపోవుటకు కారణమిదియే. తానే పదవిని ఏ మార్గమున పొందెనో ఆ మార్గమున వచ్చినవానికి కాదనుటకు ఆయన కధికారము లేదు. రాక్షసులకు వరములిచ్చి లోకమును కష్టపెట్టెనని ఆయనను నిందించువారు ఈ ధర్మసూక్ష్మమును గమనింపవలెను.

విడిచిన దేహములు

తపస్సు ముగిసి సృష్టికి పూనుకొన్న పిమ్మటనైనను పని తేలికగా సాగలేదు. విష్ణుపురాణము ప్రథమాంశమున ఐదవ అధ్యాయము ఈ తడబాటును వరుసగా చూపును. మొదట తరులతాదులు కలిగెను. వానికి తెలివి లేదు, నలువకు తృప్తి కలుగలేదు. పిమ్మట పశుపక్ష్యాదులు కలిగెను. అవియు ప్రయోజనమునకు చాలలేదు. ఆపైన ఊర్ధ్వముఖులైన దేవతలు కలిగిరి; సుఖమే స్వరూపముగా గల ఆ సృష్టిని చూచి ఆయన సంతసించెను గాని, సాధనకు వారును పనికిరారని తెలిసికొనెను. తుదకు మనుష్యులు కలిగిరి. వీరికి వెలుగుండెను, చీకటియుండెను. దుఃఖము మెండుగా నుండెను. ఆ దుఃఖమువలననే మరల మరల పనికి పూనుకొను గుణముండెను. సాధకులని పురాణము వీరికి పేరుపెట్టినది. కుమ్మరి సారెమీద నచ్చని కుండను దించి, మట్టిని మరల పిసికి, ఇంకొకటి యెత్తునట్లు, దేవతలను సృజించిన తరువాతగూడ ఆగక, దుఃఖించువానిని సృజించినగాని ఆ సృష్టికర్తకు పని ముగిసినట్లు తోచలేదు.

అదే యధ్యాయమున మరియొక అద్భుతమైన కల్పన గలదు. తమోగుణ దేహముతో అసురులను సృజించి, ఆ దేహమును విడిచెను. విడిచిన దేహము రాత్రియైనది. సత్త్వదేహము దాల్చి మొగమునుండి దేవతలను సృజించి, దానిని విడిచెను, అది పగలైనది. పితృదేవతలను సృజించి విడిచిన దేహము సాయంసంధ్యయైనది. మనుష్యులను సృజించి విడిచినది జ్యోత్స్నయైనది; వేకువ వెలుగు అనుగూడ పెద్దలు దానికి అర్థము చెప్పుదురు. ఇంకొకమారు ఆకలిగొన్న దేహముతో చీకటిలో సృజింపగా రక్షోయక్షులు పుట్టి ఆయననే తినబోయిరి. వారిని చూచిన వెగటుచేత ఆయన శిరోజములు రాలి, ప్రాకి, సర్పములైనవి. సాయంకాలము దీపము పెట్టువేళ ఇంటి యిల్లాలు ఒకక్షణము నిలిచి నమస్కరించునపుడు, ఆ సంధ్య ఒక దేవుడు విడిచిన మేనని తలచినచో, ఆ నమస్కారమునకు ఎంత లోతు కలుగును! రేయింబవళ్ళు ప్రకృతిధర్మములని చెప్పి ఊరకుండక, సృష్టికర్త ఒక్కొక్క ప్రయత్నమునందును తన్ను తాను వెచ్చపెట్టికొనగా మిగిలినవి అవియని చెప్పిన ఆ పురాణకవి హృదయము నాకు మహోన్నతముగా కనబడును.

భాగవతమున ఇదే కథ కుటుంబకథయైనది. మొదట అజ్ఞానపు వృత్తులైదు పుట్టగా తన సృష్టిని చూచి తానే నొచ్చుకొనెను. మనస్సును ధ్యానముచే పవిత్రము చేసికొని సనకసనందనాదులను కనగా, వారు సంతానము వలదని వెడలిపోయిరి. కొడుకులు మాటవినలేదను కోపమును ఎంత యణచుకొన్నను అది కనుబొమలనడుమనుండి ఏడ్చుచు వెలువడి రుద్రుడైనది. మరీచి, అత్రి, వసిష్ఠ, భృగు, దక్ష, నారదాదులు పదుగురు తరువాత పుట్టిరి. అప్పటికిని లోకము వృద్ధిపొందక చింతించుచుండగా ఆయన దేహమే రెండై, ఒకసగము స్వాయంభువ మనువు, రెండవసగము శతరూప యయ్యెను. అన్ని ఉపాయములును తీరిన పిమ్మట తాను చీలిపోయినగాని మానవవంశము మొదలుకాలేదు.

వేయి యుగముల పగలు

బ్రహ్మకు నిద్రయున్నది, మేల్కాంచుటయున్నది, ఆయుర్దాయమున్నది. కలియుగము 4,32,000 సంవత్సరములు; దానికి రెండింతలు ద్వాపరము, మూడింతలు త్రేత, నాలుగింతలు కృతము; నాలుగును కలిసిన మహాయుగము 43,20,000. అట్టివి వేయి గడచిన బ్రహ్మకొక పగలు, అనగా 432 కోట్ల సంవత్సరములు. రాత్రియు నంతయే. పగటికి పదునాలుగురు మనువులు. ఒక్కొక్కరికి డెబ్బదియొక్క మహాయుగములు. గుణించినచో 994 వచ్చును గాని వేయి కాదు. మిగిలిన యారు మహాయుగములను మనువుల ముందు వెనుకల పదునైదు సంధులుగా, ఒక్కొక్కటి కృతయుగ పరిమాణమున, జ్యోతిషులు పంచిరి. పదునైదు కృతయుగములు ఆరు మహాయుగములకు సరిగా సరిపోవును. ఇట్టి పగళ్ళును రాత్రులును కూడిన దినములు 360 ఒక యేడు. అట్టి యేండ్లు నూరు ఆయన జీవితము. అది 3,11,04,000 కోట్ల మానవ సంవత్సరములు. ఏబదియేండ్లు నిండి, ఏబదియొకటవ యేట మొదటి పగలు ఇప్పుడు జరుగుచున్నది. ఆ పగటిలో సుమారు 197 కోట్ల సంవత్సరములు గడచినవి.

సూర్యసిద్ధాంతకర్త ఈ లెక్కలో ఒక విశేషమును చేర్చెను. కల్పము మొదలయిన వెంటనే లోకము సిద్ధముగా లేదట. చరాచరములను సృజించుటకు బ్రహ్మకు 47,400 దివ్యసంవత్సరములు, అనగా మన లెక్కకు 1,70,64,000 సంవత్సరములు పట్టెనట. గ్రహగణితము చేయువాడు ఆ మొత్తమును తీసివేసి లెక్కింపవలెను. సృష్టికర్త పడిన శ్రమకు గూడ పంచాంగకర్త గణితమున చోటు విడిచినాడు!

నేటి శాస్త్రజ్ఞులు భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములనియు, విశ్వము వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరములనియు నిర్ణయించిరి. బ్రహ్మపగలు భూమి వయస్సునకు చేరువగా నున్నదని చూపి, మన పూర్వులకు అంతయు ముందే తెలియునని సంబరపడువారిని చూచినపుడు నాకు బాధ కలుగును. ఆ సంఖ్యలు యుగగణితమునుండి వచ్చినవి. రాళ్ళను పరీక్షించి సాధించినవి కావు. వాని గొప్పతనము వేరొకచోట గలదు. మనుష్యుని కాలమును కోట్లలో ముంచి, ఆ కోట్లను దేవుని ఒక్క పగటిలో ముంచి, ఆ దేవుని జీవితమునకును తుది యున్నదని చెప్పగలిగిన ధైర్యమే వాని గొప్పతనము. భాగవత దశమస్కంధమున బ్రహ్మ గోవత్సములను, గోపబాలురను దాచి, తన లెక్కకు క్షణమాత్రము గడపి వచ్చునప్పటికి వ్రేపల్లెలో ఏడాది గడచియుండెను. కృష్ణుడే దూడలై, బాలురై, చల్దిచిక్కములై సంచరించుచుండెను. తన సృష్టికి మించిన సృష్టిని చూచి నాలుగు కిరీటములు నేలకు తాకునట్లు మ్రొక్కిన ఆ ఘట్టమున పోతన బ్రహ్మను చిన్నబుచ్చలేదు. భక్తుల వరుసలో నిలిపి పెద్దచేసెను.

తెలుగునేలపై

భక్తుల వరుసలో నిలిచిన బ్రహ్మను చూడవలెనన్న తెలుగుదేశముకన్న మంచిచోటు లేదు. తుంగభద్రాతీరమున, అది కృష్ణలో కలియుటకు కొంచెము పైన, అలంపురమున బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మాలయములు గలవు. తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ, బాలబ్రహ్మ, గరుడబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ అని పేర్లు. ఏడు, ఎనిమిది శతాబ్దముల కట్టడములు. పేర్లు విని బ్రహ్మదర్శనమునకు వచ్చినవానికి గర్భగృహమున శివలింగము కానవచ్చును. బ్రహ్మ ఇచ్చట తపస్సుచేసి శివుని మెప్పించెననియు, అందుచేత స్వామికి బ్రహ్మేశ్వరుడను పేరు వచ్చెననియు స్థలపురాణము. తొమ్మిది గుళ్ళకు తన పేరుపెట్టించుకొని, తొమ్మిదింటను తాను భక్తుడై నిలిచిన దేవుడు!

గుంటూరుసీమ చేబ్రోలున చతుర్ముఖ బ్రహ్మలింగేశ్వరాలయము కోనేటినడుమ నున్నది. అమరావతి ప్రభువు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు కట్టించినది. తామరపై లింగము, ఆ లింగమునకు నాలుగువైపులను బ్రహ్మముఖములు. పూజ ఏ మూర్తికి చెందునో విడదీసి చెప్పజాలము. శివునికి చేసిన అభిషేకము బ్రహ్మమొగములమీదుగా జారును. శాపమును మీరకయే శాపగ్రస్తుని పూజించుటకు ఆ శిల్పి కనిపెట్టిన మార్గమెంత దయగలది! నీటినడుమ ఆ గుడిని చూచుచుండ, ప్రళయజలములు, వానినడుమ పద్మము మనస్సున మెదలక మానవు.

చేబ్రోలునకు బ్రహ్మతో మరియొక సంబంధమున్నదని నేను భావింతును. కాకతి గణపతిదేవుని గజసాహిణి, నృత్తరత్నావళియను నాట్యశాస్త్రగ్రంథమును రచించిన జాయపసేనాని ఏలిన చోటిది. అతని శాసనము ఇచ్చట గలదు. ఋగ్వేదమునుండి పాఠ్యమును, సామమునుండి గానమును, యజుస్సునుండి అభినయమును, అథర్వమునుండి రసమును గ్రహించి, వేదమునకు దూరముగా నుంచబడిన జనులకుగూడ చెందునట్లు ఐదవ వేదముగా నాట్యమును కూర్చినవాడు బ్రహ్మయని భరతుని నాట్యశాస్త్రము చెప్పును. క్రౌంచవధ చూచి శోకించిన వాల్మీకి ఆశ్రమమునకు తానై నడచివచ్చి రామాయణము వ్రాయుమని ప్రేరేపించినవాడును ఈయనయే. చేతిలో ఆయుధమేదియు లేక, జపమాల, కమండలువు, పుస్తకము మాత్రము ధరించిన దేవుడు, యుద్ధములను ఇతరులకు విడిచి, కవియింటికి వచ్చెను.

తిరుమలలో బ్రహ్మ నిత్యసేవకుడు. శ్రీనివాసునికి తొలి ఉత్సవములు నడిపినవాడు ఆయనయే గనుక అవి బ్రహ్మోత్సవములైనవని సంప్రదాయము. తొమ్మిదినాళ్ళును స్వామి పెద్దశేషవాహనముతో మొదలిడి ఒక్కొక్క వాహనముపై మాడవీథులలో ఊరేగునపుడు, అందరికన్న ముందు చిన్న కొయ్యరథమొకటి కదలును. గజములు, వాద్యములు, దివిటీలు, లక్షల కన్నులు. ఆ రథములో మాత్రము విగ్రహములేదు. దానికి బ్రహ్మరథమని పేరు. కంటికి కానరాని బ్రహ్మ అందుండి ఉత్సవమును నడుపుచున్నాడని భక్తుల విశ్వాసము. మహారథోత్సవము నాడు ఆ చిన్నరథము రాదు. ఆనాడు బ్రహ్మ స్వామి రథమునకే సారథ్యము వహించునని చెప్పుదురు. రాత్రి ఏకాంతసేవ ముగిసి తలుపులు మూయుటకు ముందు సన్నిధిని పాత్రలలో జలము నింపి యుంచుట యాచారము. బ్రహ్మాది దేవతలు వచ్చి అర్చించుటకట. ఉదయమున సుప్రభాతవేళ ఆ జలమే తీర్థమగును. పగలెల్ల మనుష్యులు పూజించిన మూర్తిని, మనుష్యులు లేనివేళ పూజించుటకు వచ్చువానికి వేరొక గుడి కట్టవలెనని మన పూర్వులకు తోపకపోవుట సహజము. అర్చకునికి కావలసినది గర్భగృహప్రవేశము, అర్ఘ్యపాత్రము. ఆ రెండును వారు సమకూర్చిరి.

పరదేశములందు ఈ పరిస్థితి కొంత వేరు. జావాలోని ప్రంబనానున తొమ్మిదవ శతాబ్దమున కట్టిన ఆలయసముదాయమునందు నడుమ శివాలయము 47 మీటర్ల యెత్తుండగా, ఇరుప్రక్కల బ్రహ్మకును, విష్ణువునకును సమానముగా 33 మీటర్ల గోపురములు లేచినవి. హనుమకొండలో దొరకని చోటు సముద్రము దాటిన బ్రహ్మకు దొరకెను. బ్యాంకాకు నగరమునందు 1956లో నిలిపిన చతుర్ముఖబ్రహ్మ మంటపమున థాయి బౌద్ధులు నేటికిని పూలదండలు వేసి కోరికలు కోరుచున్నారు.

బ్రహ్మత్వము ఒక పదవి యనియు, ఈ బ్రహ్మకు నూరేండ్లు నిండగానే మరియొకడు ఆ పీఠమునకు వచ్చుననియు మన పెద్దలు నమ్మిరి. ఆ రాగలవాడు హనుమంతుడు. భవిష్యద్బ్రహ్మయని తెలుగునాట ఆయనకు పేరు. తామరతూడులో మొదలు వెదకినవాని తరువాత, నూరుయోజనముల సముద్రము దాటి సీతను వెదకినవాడు! ఆయనయు గర్భగృహస్వామికన్న సేవకుడుగానే ప్రసిద్ధుడు. ఆయనయు తపస్వియే, పండితుడే. ఒక్క భేదమున్నది. ఈయనకు ఊరూరను గుడి గలదు. మంగళవారమునాడు సిందూరము పూసిన ఆ మూర్తికి ఆకుపూజ చేయించి, తమలపాకుల దండ మెడనిండ వేయించి మ్రొక్కువారు రాబోవు సృష్టికర్తను ఇప్పుడే పూజించుచున్నారు.